ముట్టుకోరాదు

పొందూరు పత్తి గోదాము తాళం తీసేసరికి
పాత గింజల వాసన, గబ్బిలాల వాసన.
వాటి మధ్య
బుసాన్ రేవు ముద్రలతో నాలుగు చెక్కపెట్టెలు.

బీమా కాగితంలో ఒక గడి ఖాళీగా వదిలేశాను:
విలువ.
ఒక ముసలామె పాత లంగాల ముక్కలు, దుప్పటి అంచులు,
చచ్చిపోయిన మొగుడి చొక్కా కాలరు
కలిపి అతికిన మూటగుడ్డ
ఎన్ని డాలర్లు?
ఆమె బతికుండగా అందులో బియ్యం కట్టారు, బిడ్డ గుడ్డలు కట్టారు,
ఎవరూ అడగలేదు.
మనవరాలు పెక్ ఉన్-సుక్ దాన్ని వెదురు చట్రానికి వేలాడదీసి
వెనక దీపం పెట్టాక
లెక్క అడుగుతున్నారు.

సొసైటీ సెక్రటరీ గారిది ఒకటే బెంగ:
"కొరియా అంటే కార్లు గదా మేడమ్, ఈ పేలికలేంటి?
మన ఖద్దరు పక్కన పెడితే చులకన కాదా?"
ఎవరికి, అని అడగలేదు నేను.
ఢిల్లీలో నేర్చిన మాటలు,
శ్రమ, దేహం, స్త్రీవాద దృక్కోణం,
నా వ్యాసంలో పద్ధతిగా కూర్చున్నాయి గాని
ఆయన ముందు దూదిలా నోటికి అడ్డం పడ్డాయి.

ఒక గోడ మీద జేజు దీవి ఆడవాళ్ళు.
సముద్రం అడుగు నుంచి తేలి
ఈలలా వదిలే ఊపిరి, తెర మీద, ఆగకుండా.
ఎదుటి గోడకి వాలుగ చేప దవడలు పన్నెండు,
దూది ఏకి ఏకి పళ్ళరిగినవి.
రిజిస్టరులో వాటి పేరు "పరికరం".
ఏకిన చేతులకి ఆ పాటి పేరు కూడా లేదు.
నడుమ మూటగుడ్డ. దాని కింద నేనే అంటించిన చీటీ.

సాయంత్రం రాట్నాలు మూసి వచ్చారు వాళ్ళు,
కనుబొమల మీద ఇంకా నూగు.
రాత్రిబడిలో నేర్చిన అక్షరాల్ని
తవిటమ్మ ఒక్కొక్కటే వేలితో దాటింది:
ము. ట్టు. కో. రా. దు.
ఆగింది. పక్కనున్న సాలమ్మని మోచేత్తో పొడిచింది.
"ఒలె, ఈ తల్లిని ఇక్కడ కూడా బయట కూకోబెట్టీసినారే!"

గోదామంతా నవ్వు. గబ్బిలాలు లేచాయి.
నాకు చెవులు కాలాయి.
చీటీ పీకేశాను. బంక మాత్రం గోడకే ఉండిపోయింది.

చెంగుకి వేళ్ళు తుడుచుకుని
నూలు నంబరు చూసినట్టే
అంచుని రెండు గోళ్ళ మధ్య పట్టింది తవిటమ్మ.
"ఇది ఎడంసేతి మనిషి పని పాపా.
కుట్టు వాలు సూడు. మనది ఇటొరుగుద్ది, ఈ తల్లిది అటు.
ఇదిగో, ఈ మూల మాత్రం కుడిసేత్తో కుట్టీసినాది.
ఎవులో సూత్తన్నారు గావాల."

మూడేళ్ళు ఆ గుడ్డ మీద రాశాను నేను.
రంగుల గురించి రాశాను, ఖాళీల గురించి రాశాను.

"పేరేటి?"
మల్-సున్. ఆఖరు ఆడపిల్ల అని అర్థం. ఇంక వద్దని పెట్టారు.
"అయితే నా పేరే," అంది సాలమ్మ, "ఐదో దాన్ని. సాలు, సాలన్నారు."
"నన్ను తవుడికి అమ్మీసి మళ్ళీ కొన్నారు," తవిటమ్మ కొంచెం గొప్పగా అంది.
"నాకు రేటున్నాది."

రాత్రి ఉన్-సుక్‌కి రాశాను. తెల్లారేసరికి జవాబు:
"చిన్నప్పుడు అమ్మమ్మ ఎడమచేతిని
గుడ్డతో నడుముకి కట్టేసేవారట.
నేనెక్కడా రాయలేదే. మీకెవరు చెప్పారు?"

కొత్త చీటీ రాశాను:
మల్-సున్ కుట్టింది, ఎడమచేత్తో.
ఒక మూల, ఎవరో చూస్తుండగా, కుడిచేత్తో.
చదివి చెప్పింది తవిటమ్మ, పొందూరు.

"సొసైటీ పేరెక్కడ మేడమ్?" సెక్రటరీ గారు.

బీమా గడి ఇంకా ఖాళీగానే ఉంది.
రేపు సంతలో
తవుడు ధరెంతో కనుక్కోవాలి.